ఎర్ర బిళ్ల టైమర్: ఐదు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది 649 రూపాయల ప్లాస్టిక్ టైమర్ గురించిన రివ్యూ. కాకపోతే నేను దాన్ని గుడ్లు ఉడకబెట్టుకోవడానికి కొనలేదు కాబట్టి మధ్యలో నా సోది కూడా కాస్త భరించాలి. 37 ఏళ్లు వచ్చాక నాకు ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ ఒకచోట నిలవని సమస్య, ఉందని తేలింది. తేలిన మొదటి నెలలో కొత్త కాపురానికి సామాన్లు కొన్నట్టు కొన్నాను: ప్లానర్లు మూడు, ఫ్రిజ్‌కి అంటించే వైట్ బోర్డు, తాళాలకి తగిలించే బ్లూటూత్ ట్యాగ్, వారం గళ్లున్న మాత్రల డబ్బా. ప్లానర్లలో ఒకటి జనవరి 9 దాకా నిండింది. మిగతా రెండూ మా వాడు బొమ్మలు వేసుకోవడానికి తీసేసుకున్నాడు. వైట్ బోర్డు మీద "గ్యాస్ బుక్ చెయ్యాలి" అని మూడు నెలలుగా అలాగే ఉంది, ఈలోపు రెండు సిలిండర్లు మారాయి. ఈ టైమర్ మాత్రం రోజూ చేతిలోకి వస్తూనే ఉంది.

వస్తువు సంగతికొస్తే, అరచేతి కంటే కాస్త పెద్ద చదరపు డబ్బా. ముఖం మీద 0 నుంచి 60 దాకా అంకెలు, మధ్యలో తిప్పే మీట. మీట ఎంత తిప్పితే అంత మేర ఎర్ర బిళ్ల బయటపడుతుంది. 60 దగ్గర పెడితే ముఖమంతా ఎరుపు, 15 దగ్గర పెడితే పావు వంతు, కోసిన పుచ్చకాయ ముక్కలాగా. ఇక అక్కడి నుంచి ఎరుపు తరుగుతూ వస్తుంది, పూర్తిగా పోగానే కీచుమని నాలుగుసార్లు మోగుతుంది. యాప్ లేదు, వైఫై లేదు, చార్జింగ్ లేదు, ఒక పెన్సిల్ సెల్ వేస్తే చాలు. అసలు ఈ ఆలోచన అమెరికాలో సిన్సినాటికి చెందిన జాన్ రోజర్స్ అనే ఆవిడది. "ఇంకా ఎంతసేపు" అని ఊరికే అడుగుతుండే చిన్న కూతురికి టైము కంటికి కనపడేలా చేసి చూపించాలని మొదలుపెట్టి, టైమ్ టైమర్ అనే పేరుతో కంపెనీయే పెట్టింది. అసలుది తెప్పించుకుందామని ధర చూస్తే గుండె గుభేలుమంది. నేను కొన్నది పేరూ ఊరూ లేని కాపీ, ఈ మంచీచెడ్డా అంతా ఆ కాపీదే.

"ఫోన్లో టైమర్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు" అని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ టైమర్ పెడదామని నేను ఫోన్ తీస్తే, పైనే అపార్ట్‌మెంట్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ గొడవ కనపడుతుంది, అది మొత్తం చదివి, అసలు ట్యాంకర్ వాడు బిల్లు ఇస్తున్నాడా, దానికి జీఎస్టీ ఉంటుందా అని అనుమానం వచ్చి, అది వెతికి, వెతుకుతూ వెతుకుతూ బోరు నీళ్లలో ఉప్పు ఎందుకుంటుందో చదివి, 40 నిమిషాల తర్వాత ఫోన్ పక్కన పెట్టేటప్పుడు గుర్తొస్తుంది, తీసింది టైమర్ కోసమని. పైగా తెర ఆరిపోతే ఫోన్ టైమర్ కనపడదు. నాకు కనపడనిది లేనట్టే. ఫ్రిజ్ కింది అరలో కొత్తిమీరకి పట్టే గతి దానికీ పడుతుంది.

దీనికి ముందు టమాటా ఆకారంలో ఉండే, కీ ఇచ్చే టైమర్ ఒకటి కొన్నాను. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి ఉంది కదా, పొమొడోరో అంటారు, ఇటాలియన్‌లో టమాటా అని అర్థం. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన కాలేజీ రోజుల్లో చదువుకోవడానికి అలాంటి టమాటా టైమరే వాడి ఆ పద్ధతి తయారుచేశాడు. ఆయనకి పనిచేసింది, సంతోషం. నాకు ఆ టిక్కుటిక్కు వింటుంటే బీరువాలో ఎవరో బాంబు పెట్టినట్టు ఉండేది. 10 నిమిషాల లోపు పెట్టాలంటే ముందు చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి, లేకపోతే కీ ఎక్కదు. మోగితే మా వాడు ఉలిక్కిపడి లేచేవాడు. నాలుగో రోజు అది కూరగాయల బుట్టలో నిజం టమాటాల మధ్య దొరికింది. అత్తయ్యగారు పొరపాటున పెట్టారో కావాలనే పెట్టారో నేను అడగలేదు.

ఇక నా సోది.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు చూస్తాను. 11వ తారీఖుకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20కి 3బి (పన్ను కట్టే రిటర్ను). 20 దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, పైన వడ్డీ, క్లయింట్లకి నెల నెలా ఈ పాఠం చెప్పేది నేనే. వాళ్ల పని ఎప్పుడూ లేటు చెయ్యలేదు, కాకపోతే అన్నీ 19వ తారీఖు రాత్రే చేస్తాను, అప్పుడు మాత్రం నా అంత వేగంగా ఆఫీసులో ఇంకెవరూ చెయ్యలేరు. నా సొంత విషయాలకి 19వ తారీఖు ఉండదు. స్కూటీ ఇన్సూరెన్స్ ఏడు నెలలు అయిపోయి ఉంటే తెలియలేదు. అకౌంట్లో డబ్బులుండి కూడా రెండుసార్లు కరెంటు తీయించుకున్నాం. మా చిన్నప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు గుర్తుందా, దెయ్యం వచ్చి చదివి వెనక్కి వెళ్లి మర్నాడు మళ్లీ వస్తుందని? నా పనులన్నిటి మీదా అదే రాసి ఉంటుంది. దెయ్యం రోజూ వస్తుంది, పాపం, రోజూ చదువుకుని వెళ్తుంది.

మనిళ్లల్లో టైమరంటే కుక్కరే. "మూడు విజిల్స్ రాగానే కట్టేయమ్మా" అని చెప్పి అత్తయ్యగారు గుడికి వెళ్తారు. మొదటి విజిల్ వింటాను. రెండోది మనదా, పక్కింటివాళ్లదా? ఆ అనుమానం తీరేలోపు ఇంకెక్కడికో వెళ్లిపోతాను. అడుగంటిన వాసనే నాకు మూడో విజిల్. పెళ్లయిన 12 ఏళ్లలో "అశ్రద్ధ" అనే మాట ఎన్నిసార్లు విన్నానో, అంతకంటే ఎక్కువసార్లు నన్ను నేనే అనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్లింది నిద్ర పట్టట్లేదని. అంతకుముందు పదేళ్లుగా టెన్షన్‌కి ఆగి ఆగి మందులు వాడుతూనే ఉన్నాను, ఎవరూ చిన్నప్పటి సంగతి అడగలేదు. ఈయన అడిగారు. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు, నిద్ర గురించి అడిగారు, డిప్రెషన్ ఉందేమో చూశారు, ఎందుకంటే ఇవన్నీ బయటికి ఇలాగే కనపడతాయట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. మొత్తం 18 ప్రశ్నలు, మొదటి ఆరూ వడపోతకి. కష్టమైన భాగం అయిపోయాక మిగిలిన చిన్న చిన్న పనులు పూర్తి చెయ్యడానికి ఇబ్బంది పడతారా, బాగా ఆలోచించాల్సిన పని మొదలుపెట్టకుండా వాయిదా వేస్తారా, ఇలా ఉంటాయి. ఇంట్లో తీరిగ్గా నింపి తెమ్మన్నారు. ఆ కాగితం 20 రోజులు స్కూటీ డిక్కీలో ఉంది. మళ్లీ వెళ్లినప్పుడు అది చెబితే, "ఇది కూడా జవాబేలెండి" అని అక్కడే కూర్చోబెట్టి నింపించారు.

తర్వాత అమ్మతో మాట్లాడాలన్నారు. స్పీకర్‌లో పెట్టాను. "చిన్నప్పుడు ఎలా ఉండేదండీ?" అని అడిగితే, "బంగారమండీ, అల్లరి లేదు, గొడవ లేదు. కాకపోతే ఎదురుగా నిలబడి పిలిచినా పలికేది కాదు, చెవుడేమోనని గుంటూరు తీసుకెళ్లి చూపించాం కూడా. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు" అంది. ఆగలేదు. "మా నాన్నగారూ అంతేనండీ, పెళ్లికని బయల్దేరి పక్క వీధిలో ఇంకెవరి పెళ్లిలోనో భోంచేసి చదివింపులు కూడా ఇచ్చి వచ్చారు. దీనికి జబ్బని పేరెందుకండీ, మా ఇంట్లో సగం మంది ఇంతే." డాక్టరు గారు నవ్వు ఆపుకుంటూ ఏదో రాసుకున్నారు. ఇది కుటుంబాల్లో వచ్చేదే అని తర్వాత చెప్పారు. అమ్మ పాత ట్రంకు పెట్టెలోంచి నా నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఫొటో తీసి పంపింది. టీచరు గారు ఎర్ర ఇంకుతో రాశారు: "తెలివి ఉంది. కుదురు లేదు." పెద్దవాళ్లకి ఏడీహెచ్‌డీ అని చెప్పాలన్నా 12 ఏళ్ల లోపే కొన్ని లక్షణాలు కనపడి ఉండాలి, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యలు తేల్చడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకం) నుంచి అదీ లెక్క, అంతకుముందు ఏడేళ్ల లోపే కనపడాలనేవాళ్లు. తొమ్మిదేళ్లప్పుడు రాసిన ఆ రెండు ముక్కలు 28 ఏళ్ల తర్వాత నా ఫైల్లోకి ఎక్కాయి. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ బెంజ్ సర్కిల్లో దిగాల్సిన దాన్ని పటమట దాకా వెళ్లిపోయాను. ఈసారి మాత్రం నన్ను నేను తిట్టుకోలేదు.

మందు గురించి కూడా చెబుతా, రివ్యూకి సంబంధం ఉంది. నాకు రాసింది మిథైల్‌ఫెనిడేట్. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ కింద ఉంటుంది, అంటే ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లు ఉంచుకుంటారు. వీడియో కన్సల్టేషన్‌లో రాయకూడదు, 2020 టెలీమెడిసిన్ నిబంధనల్లోనే ఉంది. అన్ని షాపుల్లో దొరకదు. సూర్యారావుపేటలో మొదటిసారి ఏడు షాపులు ఎక్కి దిగాను, ఒకచోట కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి నన్ను ఎగాదిగా చూశాడు. కాగితాలు పారేసుకునే జబ్బుకి ఇన్ని కాగితాలు అడిగే మందు పెట్టినవాళ్లకి దండం. మందు మొదలుపెట్టే ముందు బీపీ, గుండె వేగం చూశారు. నాది నాలుగు గంటలు పనిచేసే రకం. వేసుకున్న మొదటి రోజు ఆఫీసులో పక్క సీటు ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే ఆ మాటలు నా తలలోకి రాకుండా పక్కనుంచి వెళ్లిపోయాయి, అలా వెళ్లిపోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మధ్యాహ్నం ఆకలి మాత్రం చచ్చిపోతుంది, క్యారేజీ అలాగే ఇంటికి వస్తుంది.

అయితే మాత్ర టైము చెప్పదు. శ్రద్ధ వస్తుంది కానీ అది పోయి ఎక్కడ కూర్చుంటుందో మన చేతుల్లో లేదు. మాత్ర వేసుకున్న మూడో రోజే రెండు గంటలు అత్యంత శ్రద్ధగా అల్మారాలో జాకెట్లు రంగుల వారీగా సర్దాను, నోటీసుకి జవాబు రాయాల్సిన రోజున. టైమర్ కొన్నది ఆ రాత్రే.

ఇప్పుడు అసలు విషయం. ఇది పని మొదలుపెట్టిస్తుంది అనుకుని కొంటే డబ్బులు దండగ. ఎర్ర బిళ్ల చూస్తూ కూర్చోగలను నేను, అరగంట కూడా. మొదలుపెట్టడానికి నాకు పనిచేసేది ఒక్కటే, పక్కన ఇంకో మనిషి ఉండటం. మావారు సోఫాలో ఏదో చదువుకుంటూ కూర్చుంటే చాలు, నేను ఫైలు తెరుస్తాను. ఎందుకో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు, కూర్చుంటారు.

టైమర్ పనికొచ్చేది ఆపడానికి. నాకు పని మొదలైతే ఆగదు. క్లయింటు కొనుగోళ్ల పుస్తకాన్నీ 2బినీ (అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపించిన బిల్లుల జాబితా) పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకోవడం నాకు మహా ఇష్టం. గతేడాది ఒక సాయంత్రం 312 రూపాయల తేడా ఎక్కడుందో దొరకలేదని నాలుగింటికి కూర్చున్నాను. ఫోన్ సైలెంట్. తేడా దొరికి తల ఎత్తేసరికి ఏడున్నర. మా వాడి ట్యూషన్ ఆరింటికి అయిపోయింది. వెళ్లేసరికి ట్యూషన్ మేడం గారింటి మెట్ల మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మేడం గారు ఉప్మా పెట్టారట. "అమ్మా, 312 దొరికిందా?" అని అడిగాడు. పొద్దున క్యారేజీ కడుతూ దాని గురించే గొణుక్కున్నాను, విన్నట్టున్నాడు. ఇప్పుడు నాలుగింటికి కూర్చుంటే కంప్యూటర్ తెర కిందే ఈ డబ్బా ఉంటుంది. మోగడం కంటే ముందే, కళ్ల అంచున ఎరుపు సన్నబడటం తెలుస్తుంటుంది. గోడ గడియారం ఇప్పుడు ఎంతయిందో చెబుతుంది, ఎంత మిగిలిందో లెక్క మనం వెయ్యాలి, నేను ఆ లెక్క వెయ్యను. దీంట్లో లెక్క లేదు, ఉన్నది కనపడుతుంది. ఐదు నెలల్లో ట్యూషన్‌కి లేటయింది రెండేసార్లు, అందులో ఒకటి బందరు రోడ్డు ట్రాఫిక్ ఖాతాలో వెయ్యాలి.

ఇంకో ఉపయోగం అనుకోకుండా దొరికింది. ఏ పనికి ఎంతసేపు పడుతుందో నాకు అసలు అంచనా లేదని బయటపడింది. సింకు నిండా గిన్నెలుంటే గంట పని అనుకుని, ఆ గంట ఎక్కడుంది నాకు అని వదిలేసేదాన్ని. ఒకరోజు టైమర్ 60కి తిప్పి తోమాను. 14 నిమిషాలు. నమ్మలేక మర్నాడు మళ్లీ చూశాను, 16, బూరెల మూకుడు ఉంది కాబట్టి. 14 నిమిషాల పనికి భయపడి ఇన్నేళ్లు అత్తయ్యగారితో మాటలు పడ్డాను! ఇటువైపేమో స్నానం చేసి చీర కట్టుకుని బయటపడటానికి 15 నిమిషాలు చాలనుకునేదాన్ని, తీరా చూస్తే 42. ప్రతి పెళ్లికీ తాళి కట్టాక ఎందుకు వెళ్తున్నామో మావారికి ఆ రోజు లెక్కతో సహా అర్థమైంది.

లోపాలు తక్కువేం లేవు. మొదట వచ్చిన పీసులో బిళ్ల 20 దగ్గర ఇరుక్కుపోయింది. వాపసుకి ఏడు రోజుల గడువు, ఏడో రోజు రాత్రి 11 గంటలకి పెట్టాను, నా స్టైల్లో. బాక్సులో సెల్ రాదు, అది పైన రాసి ఉంటే బాగుండేది. వెనకాల చిన్న శబ్దం, పెద్ద శబ్దం అని మీట ఉంది కానీ పెద్దది కూడా మిక్సీ ఆడుతుంటే వినపడదు, కాబట్టి వంటింట్లో దీన్నే నమ్ముకోవద్దు. గంట కంటే ఎక్కువ పెట్టలేం. ఐదు నిమిషాలకి తిప్పితే నాలుగున్నరకి మోగొచ్చు, ఐదున్నరకి మోగొచ్చు, పరీక్షలు రాసేవాళ్లకి పనికిరాదు. పైన ప్లాస్టిక్ పలక గీతలు పడింది, హ్యాండ్‌బ్యాగులో తాళాలతో కలిపి వేశాను, అది నా తప్పే.

అన్నిటికంటే పెద్ద తంటా ఏంటంటే, మూడు వారాల తర్వాత నా కళ్లకి ఇది కనపడటం మానేసింది. గోడ మీద పాత క్యాలెండర్‌లా కలిసిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం చోటు మారుస్తున్నాను, ఒక వారం తెరకి ఎడమవైపు, ఒక వారం ఫ్లాస్కు మీద. ఒకసారి ఎక్కడ పెట్టానో మర్చిపోయి రోజంతా వెతికాను, ఆ బ్లూటూత్ ట్యాగ్ దీనికి కట్టాలేమో. ఇంకోటి, చివరి ఐదు నిమిషాల్లో ఆ సన్నని ఎర్ర గీత చూస్తుంటే కొందరికి కంగారు పుట్టొచ్చు. మా ఆడపడుచు ఒకరోజు వాడి "నాకొద్దు తల్లీ, పరీక్ష హాల్లో ఉన్నట్టుంది" అని తిరిగిచ్చేసింది. టెన్షన్ మనుషులు ఆకుపచ్చ బిళ్ల ఉన్నది చూడండి, అదీ దొరుకుతోంది.

ఇది బాగా పనిచేసింది కాబట్టి మాకూ ఏడీహెచ్‌డీ ఉన్నట్టే అనుకోకండి, గిన్నెల లెక్క ఎవరికైనా పనికొస్తుంది. అనుమానం ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి. "పిచ్చి డాక్టరు దగ్గరికా" అని ఇంట్లో అంటారు, మా ఇంట్లోనూ అన్నారు, తర్వాత ఆయన ఇచ్చిన మందు టైముకి వేసుకున్నానో లేదో అడిగేది కూడా వాళ్లే.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి మిక్సీకి పోయింది. 649కి కొనొచ్చు, ఆఫర్లో 500 లోపు వస్తే అనుమానించకుండా కొనండి, వచ్చిన రోజే బిళ్ల మొత్తం తిరుగుతోందో లేదో చూసుకోండి, నాలాగా ఏడో రోజు కాదు. ప్రస్తుతానికి మా ఇంట్లో సమస్య ఏంటంటే మా వాడు దీన్ని స్నానానికీ హోంవర్కుకీ తీసుకెళ్లిపోతున్నాడు, వాడిక్కూడా నాలుగో తరగతే ఇప్పుడు. అందుకని వాడికోసం ఇంకోటి మొన్న మంగళవారం ఆర్డర్ పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను, కార్ట్‌లోనే ఉందేమో ఒకసారి చూడాలి.